ఒక పాట, రెండు నంబర్లు



పాట వేసే ముందు రేడియో అనౌన్సర్ చెప్పే మాటలు మీకు కంఠతా వచ్చే ఉంటాయి. చిత్రం ఫలానా. రచన ఫలానా. సంగీతం ఫలానా. గానం ఫలానా, ఫలానా, బృందం. ఆ మాటలు ఎప్పుడు అయిపోతాయా, పాట ఎప్పుడు మొదలవుతుందా అని చెవులు రిక్కించుకుని కూర్చునేవాళ్ళం. అయినా సరే, పింగళి, ఆరుద్ర, దాశరథి, సినారె అన్న పేర్లు మనలో చాలామందికి మొదట చెవిన పడింది ఆ అనౌన్సర్ నోటే.

ఇప్పుడు ఇస్నాపూర్ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కుతారు. డ్రైవర్ తమ్ముడు ఫోన్‌లో పాట పెడతాడు. పాశమైలారంలో మీ కంపెనీ గేటు దగ్గర దిగేలోపు నాలుగు పాటలు అయిపోతాయి. రాసిందెవరో, బాణీ కట్టిందెవరో చెప్పే నాథుడు లేడు. కానీ ఎక్కడో ఒక కంప్యూటర్ మాత్రం ఆ నాలుగు పాటల్నీ లెక్క రాసుకుంటూనే ఉంటుంది. ఏది విన్నారు, ఎంతసేపు విన్నారు, ఏ దేశంలో విన్నారు. ఆ లెక్కను బట్టే డబ్బులు పంచుతారు. కంప్యూటర్ ఆ లెక్క నడిపేది పేర్లతో కంటే నంబర్లతోనే.

ఆ నంబర్ల సంగతి ఇవాళ చెప్పుకుందాం. సంగారెడ్డి, పటాన్‌చెరు, జహీరాబాద్ వైపు సొంతంగా పాటలు కట్టుకుని, పాడుకుని, యూట్యూబ్‌లో పెట్టుకుంటున్న అక్కలు, తమ్ముళ్ళు ఉన్నారు. వాళ్ళు కాస్త దగ్గరగా జరిగి వినండి.

ముందు ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. పాటకు నంబర్లు రెండు. ఒకటి పాట నంబరు. రెండోది రికార్డు నంబరు. పాట నంబరు, రికార్డు నంబరు. ఈ రెండూ వేరు.

పాట అంటే పదాలు, బాణీ. కాగితం మీద ఉన్నా, కవి నోట్లో ఉన్నా పాట పాటే. దానికిచ్చే నంబరును ఐ.ఎస్.డబ్ల్యూ.సి. అంటారు. రికార్డు అంటే ఆ పాటను ఒక రోజు, ఒక స్టూడియోలో, ఒక గొంతుతో పట్టి ఉంచిన శబ్దం. దానికిచ్చే నంబరు ఐ.ఎస్.ఆర్.సి. ఈ ఇంగ్లీషు అక్షరాలు మరచిపోయినా ఫరవాలేదు. పాట నంబరు, రికార్డు నంబరు అని గుర్తుంటే చాలు.

బొల్లారంలోనో పాశమైలారంలోనో మందుల కంపెనీలో పనిచేసేవారికి ఇది నేను చెప్పనవసరం లేదు. జ్వరం గోలీ ఫార్ములా ఒకటే ఉంటుంది. బ్యాచ్‌లు మాత్రం రోజూ దిగుతూనే ఉంటాయి. ప్రతి స్ట్రిప్ మీదా బ్యాచ్ నంబర్ కొడతారు. రేపు ఏదైనా తేడా వస్తే ఏ బ్యాచో పట్టుకుంటారు తప్ప ఫార్ములాను పట్టుకోరు. పాట నంబరు ఫార్ములాది. రికార్డు నంబరు బ్యాచ్‌ది. ఒక్క తేడా ఉంది. మందుల్లో అన్ని బ్యాచ్‌లూ ఒకేలా ఉండాలి, లేకపోతే క్వాలిటీ వాళ్ళు ఊరుకోరు. పాటలో ఒక్కో బ్యాచ్ ఒక్కో రుచి ఉంటేనే వినేవాళ్ళు ఊరుకుంటారు!

సరే, మనందరికీ తెలిసిన పాటే తీసుకుందాం. నాటు నాటు. రాసింది చంద్రబోస్ గారు. బాణీ కీరవాణి గారిది. పాడింది రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. 2021 నవంబరులో పాట బయటికి వచ్చింది. 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది. ఆ రోజు వేదిక మీద పాడింది రాహుల్, కాలభైరవలే. హాలు హాలంతా లేచి నిలబడింది. కానీ బొమ్మ ఎవరి చేతికి ఇచ్చారు? కీరవాణి గారికి, చంద్రబోస్ గారికి. పాడినవాళ్ళకు ఎందుకివ్వలేదని అప్పుడు మన దగ్గర చాలామంది నొచ్చుకున్నారు. అందులో అన్యాయమేమీ లేదు. ఆ బహుమతి పాటకు. రికార్డుకు కాదు. రాసినవారికీ, బాణీ కట్టినవారికీ ఇచ్చే బహుమతి అది.

ఇదే పాట హిందీలో నాచో నాచో అయింది. తమిళంలో నాట్టు కూత్తు అయింది. కన్నడంలో, మలయాళంలో కూడా వచ్చింది. ఒక్కో భాషలో విడిగా పాడి పట్టారు. అంటే ఒక్కో రికార్డుకు ఒక్కో నంబరు కావాలి. తెలుగు రికార్డు నంబరు వేసి హిందీ పాట పంపితే లెక్కంతా తారుమారవుతుంది. మరి పాట నంబరు మాటేమిటి? భాష మారినప్పుడు పదాలు మారాయి, రాసినవారు మారారు. కనుక దానికీ వేరే పాట నంబరు ఉండాలన్నది నియమం. మూలం ఫలానా పాట అని దానికి ముడి వేసి పెడతారు.

మన రాష్ట్ర గీతం చూడండి. అందెశ్రీ గారు రాసిన జయ జయహే తెలంగాణ. 2024 జూన్ 2న కీరవాణి గారి సంగీతంతో రెండు రకాలుగా వినిపించారు. ఒకటి రెండున్నర నిమిషాలది. ఇంకొకటి పదమూడున్నర నిమిషాలది. బడిలో పిల్లలు పాడుకునేది చిన్నది. వినేవాళ్ళకు రెండూ ఒకే గీతం. నంబర్ల లెక్కలో మాత్రం అవి రెండు రికార్డులు, రెండు రికార్డు నంబర్లు.

ఈ తేడా తెలియకపోతే ఎంత చిక్కో 2017లో మనమంతా చూశాం. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు తమ యాభై ఏళ్ళ పాటల పండుగ చేసుకుంటూ అమెరికాలో కచేరీలు చేస్తున్నారు. అక్కడి తెలుగువారు, తమిళులు ఎగబడి వస్తున్నారు. ఇంతలో ఇళయరాజా గారి తరఫు నుంచి లాయరు నోటీసు వచ్చింది. నా అనుమతి లేకుండా నా పాటలు పాడకూడదని. బాలు గారు గొడవ పెట్టుకోలేదు. చట్టం అంటే గౌరవం అన్నారు. ఆ తర్వాతి కచేరీల్లో రాజా గారి పాటలు పక్కన పెట్టేశారు.

అప్పుడు ఊరూరా అదే చర్చ. ‘ఆ పాటలు పాడిందే బాలు కదా, ఆయన పాట ఆయన పాడుకోవద్దంటే ఎట్లా?’ అని. ఆ ప్రశ్నలోని బాధ నాకూ అర్థమవుతుంది. అయితే వేదిక మీద పాడుతున్నప్పుడు అక్కడ పాత రికార్డు తిరగడం లేదు. పాట మాత్రమే ఉంది. కాబట్టి అక్కడ లెక్కకు వచ్చేది పాట నంబరు. గొంతు ఎంత గొప్పదైనా పాట నంబరు పక్కన గాయకుడి పేరుకు చోటు లేదు. రాజా గారికి ఆ హక్కు ఎంతవరకు ఉందన్నది వేరే వాదన, కోర్టుల్లో నలిగిన వాదన. చివరికి ఆ ఇద్దరు పెద్దలూ కలిసిపోయారు కూడా. మనకు కావలసింది ఇంతే. వేదిక మీద పాడితే పాట లెక్క ఒక్కటే. రేడియోలో రికార్డు వేస్తే పాట లెక్కా, రికార్డు లెక్కా, రెండూ.

‘నంబర్లు ఎందుకండీ, పేరు చాలదా?’ అని మీరు అడగవచ్చు. తెలుగులో అస్సలు చాలదు. మన సినిమా పాటలకు విడిగా పేరు పెట్టే అలవాటు లేదు. పల్లవిలో మొదటి రెండు మాటలే పాట పేరు. అమ్మా అని మొదలయ్యే పాటలు ఎన్ని? ఓ చెలీ అని మొదలయ్యేవి ఎన్ని? ఇక ఆ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాయాల్సి వచ్చినప్పుడు మన తిప్పలు చూడాలి. ఒకరు దీర్ఘానికి రెండు ఏ లు పెడతారు. ఇంకొకరు ఒకటే పెడతారు. లక్ష్మి అన్న పేరు చివర ఒకరు ఐ రాస్తారు, ఒకరు వై రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క పొడి అక్షరం. మనకు ఒకే మనిషి. కంప్యూటర్‌కు ముగ్గురు. అందుకే పాటకే కాదు, మనిషికీ ఒక నంబరుంది. రాసినవారికి, బాణీ కట్టినవారికి ఇచ్చే ఆ నంబరును ఐ.పి.ఐ. అంటారు. పేరు ఎన్ని రకాలుగా రాసినా ఆ నంబరు పట్టి మనిషిని గుర్తుపడతారు.

ఈ తలనొప్పి ఇవాళ్టిది కాదు. గ్రామఫోన్ మన దేశానికి వచ్చిన తొలినాళ్ళ నుంచీ ఉంది. 1902 నవంబరు. కలకత్తా. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన ఇంగ్లండు కంపెనీ తరఫున వచ్చి హోటల్ గదిలో మైనం పళ్ళేల మీద పాటలు పట్టాడు. పాడింది గౌహర్ జాన్. ఆ పళ్ళేలు ఓడెక్కి జర్మనీలోని హానోవర్ వెళ్ళాలి. అక్కడి ఫ్యాక్టరీలో రికార్డులు అచ్చు వేస్తారు. అక్కడి పనివాళ్ళకు మన భాష రాదు, మన పేర్లు తెలియవు. ఏది ఎవరి పాటో ఎలా గుర్తుపట్టాలి? అందుకని పాట అయిపోగానే గౌహర్ జాన్ గొంతెత్తి ఇంగ్లీషులో తన పేరు తనే చెప్పుకునేది. మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్! ఆ మాట విని అక్కడ లేబుల్ అంటించేవారు. ఇప్పటికీ ఆ పాత రికార్డులు వింటే చివర్లో ఆ కేక ఉంటుంది. రికార్డు నంబరు చేసే పనిని ఆ రోజుల్లో ఆవిడ గొంతూ చేసింది.

కంపెనీలు పళ్ళెం మీదే, లేబుల్ దగ్గర, ఒక నంబరు కూడా చెక్కేవి. మీ ఇంట్లో అటక మీద తాతగారి నల్ల పళ్ళేలు ఉంటే దులిపి, కాస్త వెలుతురుకు అడ్డంగా పెట్టి చూడండి. లేబుల్ చుట్టూ గీతలు లేని నున్నటి చోట సన్నటి అక్షరాలు కనిపిస్తాయి. దాన్ని మ్యాట్రిక్స్ నంబరు అంటారు. ఏ కంపెనీ నంబరు ఆ కంపెనీదే. ఒకరి నంబరు ఇంకొకరికి పట్టదు. ప్రపంచమంతా ఒకే పద్ధతిలో రికార్డు నంబరు ఇవ్వాలన్న ప్రమాణం 1986లో వచ్చింది. పాట నంబరుకు ప్రమాణం 2001లో స్థిరపడింది. మొట్టమొదటి పాట నంబరు మాత్రం అంతకుముందే, 1995లో, స్వీడన్ బృందం ఆబా వాళ్ళ డాన్సింగ్ క్వీన్ పాటకు ఇచ్చారు. దాని నంబరు నిండా సున్నాలే, ఆఖరున ఒకటో నంబరు, దాని వెనక తప్పులు పట్టే అంకె ఒకటి. ఒకటో నంబరు అందుకున్న పాట మీద డాన్సు వేయనివాళ్ళు తక్కువే లెండి.

రికార్డు నంబరు ఎలా ఉంటుందో ఒక్కసారి చెబుతాను. మొత్తం పన్నెండు అక్షరాలు, అంకెలు కలిపి. మొదటి రెండు అక్షరాలు నంబరు ఏ దేశపు ఖాతాలో నుంచి వచ్చిందో చెబుతాయి. మన దేశానిది ఐ, ఎన్. తర్వాతి మూడు, నంబరు వేసిన కంపెనీవి. తర్వాతి రెండు అంకెలు సంవత్సరం. మిగిలిన ఐదూ వరుస సంఖ్య. అంతే.

ఇందులో సంవత్సరం దగ్గర చాలామంది పొరబడతారు. అది పాట పాడిన సంవత్సరం అనుకుంటారు. అది నంబరు వేసిన సంవత్సరం. మాయాబజార్ 1957లో వచ్చింది. రికార్డు నంబరు పద్ధతి పుట్టిందే 1986లో. కనుక లాహిరి లాహిరి పాట రికార్డు మీద ఏ నంబరున్నా, అందులోని సంవత్సరం సినిమా వచ్చిన ఏడు అయ్యే వీలే లేదు. ఆ అంకె చూసి ఘంటసాల గారు, లీల గారు ఎప్పుడు పాడారో లెక్క కట్టకండి.

అలాగే మధ్యలోని ఆ మూడు అక్షరాలు చూసి ఇప్పటి యజమాని ఎవరో చెప్పలేం. కంపెనీ చేతులు మారినా నంబరు మారదు. మారకూడదు కూడా. నంబరు గుర్తు మాత్రమే. పట్టాదారు పాసుపుస్తకం అనుకుంటే మోసపోతాం. హక్కు ఎవరిదో చెప్పేది చట్టమూ, మీరు సంతకం పెట్టిన కాగితమూ.

లాహిరి లాహిరి మాట వచ్చింది కనుక ఇంకొక విచిత్రం చెబుతాను. మన చట్టం ప్రకారం రికార్డు మీద హక్కు అది వెలువడిన తర్వాత 60 ఏళ్ళు. 1957 నాటి రికార్డు మీద హక్కు 2017తో తీరిపోయింది. కానీ పదాల మీద హక్కు కవి జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళు. పింగళి నాగేంద్రరావు గారు 1971లో కన్నుమూశారు. అంటే ఆ పదాల మీద హక్కు 2031 చివరి దాకా ఉంటుంది. రికార్డుకు ఆయుష్షు తీరింది, పాటకు తీరలేదు. రెండు నంబర్లు ఎందుకు కావాలో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం.

సదాశివపేటలోనో బీరంగూడలోనో ఉన్న ఒక చెల్లెలు బతుకమ్మకు కొత్త పాట కట్టిందనుకుందాం. పదాలు తనవే. పక్కింటి తమ్ముడు కీబోర్డు మీద సంగీతం చేశాడు. ఒక షాపు పైన చిన్న స్టూడియోలో గంటకు ఇంతని ఇచ్చి పాడించి పట్టారు. చేతిలో పెన్‌డ్రైవ్. అందులో ఫైలు పేరు ఫైనల్. దాని పక్కనే ఇంకొకటి, ఫైనల్ టూ. ఆ పక్కనే ఫైనల్ కొత్తది. స్టూడియోలకు వెళ్ళొచ్చినవాళ్ళకు ఈ ఫైనళ్ళ బాధ బాగా తెలుసు.

ఇప్పుడు పాటను యాపుల్లో పెట్టాలి. దానికి డిస్ట్రిబ్యూటర్ అని మధ్యలో ఒక కంపెనీ ఉంటుంది. మీ పాటను తీసుకుని అన్ని యాపులకూ పంపుతుంది. చాలాసార్లు రికార్డు నంబరు వాళ్ళే వేస్తారు. సొంతంగా నంబర్లు వేసుకోవాలనుకునేవారు మన దేశంలో ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ అనే సంస్థ దగ్గర ఖాతా తీసుకోవచ్చు. ఎవరు వేసినా, వేసిన నంబరు మీ దగ్గర రాసి పెట్టుకోండి. ఎందుకంటే గొడవ ఇక్కడే మొదలవుతుంది.

చెల్లెలు ఒక డిస్ట్రిబ్యూటర్‌కు పాట ఇచ్చింది. రికార్డుకు ఒక నంబరు పడింది. పండుగ దగ్గర పడుతోంది, పాట ఇంకా కనబడటం లేదని కంగారుపడి ఒక యూట్యూబ్ చానెల్ వాళ్ళకూ అదే పాట ఇచ్చింది. వాళ్ళు ఇంకో కంపెనీ ద్వారా పంపారు. అదే రికార్డుకు ఇంకొక నంబరు పడింది. ఇప్పుడు కంప్యూటర్ దృష్టిలో ఒకే శబ్దానికి ఇద్దరు యజమానులు. యూట్యూబ్‌లో 2007 నుంచీ కంటెంట్ ఐడీ అని ఒక ఏర్పాటు ఉంది. యజమాని ఇచ్చిన శబ్దాన్ని అది వేలిముద్రలా దాచుకుంటుంది. ఎవరు కొత్త వీడియో పెట్టినా ఆ ముద్రతో పోల్చి చూస్తుంది. సరిపోతే వెంటనే నోటీసు. ఒక పొద్దున చెల్లెలు తన చానెల్ తెరిచి చూసుకుంటుంది. ‘అన్నా, నా పాట మీద నాకే కాపీరైట్ పడ్డదే!’ అని ఫోన్ చేస్తుంది. నవ్వొస్తుంది గానీ, పండుగ తొమ్మిది రోజుల రాబడి ఆ నోటీసు కింద ఇరుక్కుంటే నవ్వు రాదు.

ఇంకో తరహా చిక్కు కూడా ఉంది. సంగీతం చేసిన తమ్ముడు నెట్‌లో దొరికిన డప్పు బీటు ఒకటి కింద పెట్టాడు. అదే బీటు పెట్టి ఇంకెవరో ఎప్పుడో పాట నమోదు చేసి ఉన్నారు. వేలిముద్ర అక్కడ కలిసింది. పదాలు కొత్తవే, గొంతు కొత్తదే, నోటీసు మాత్రం వచ్చింది. డప్పు కొట్టేవాళ్ళకు మన జిల్లాలో కొదవా? పిలిచి కొట్టించుకుంటే పాటా బాగుంటుంది, ఈ తంటా తప్పుతుంది.

కనుక మళ్ళీ చెబుతున్నాను. ఒక రికార్డుకు ఒకే నంబరు. మిక్స్ మార్చారా, నిడివి కోసి కొత్త రూపం చేశారా, మళ్ళీ పాడించారా, అప్పుడు కొత్త నంబరు. పాటకు వీడియో తీస్తే ఆ వీడియోకు విడిగా ఒకటి. అదే రికార్డును ఇంకో యాప్‌లో పెడితే మాత్రం పాత నంబరే. డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా పాత నంబరే. కొత్త కంపెనీ ఫారంలో మీ దగ్గర నంబరు ఉందా అని ఒక గడి ఉంటుంది. అక్కడ పాత నంబరు రాయండి. ఖాళీగా వదిలేస్తే వాళ్ళు కొత్తది వేసేస్తారు. అక్కడితో పాత లెక్క ఒక దారి, కొత్త లెక్క ఒక దారి.

ఇదంతా రికార్డు నంబరు. మరి పాట నంబరు? డిస్ట్రిబ్యూటర్ దాని ఊసెత్తడు. అది ఆయన పని కాదు. కవులకు, సంగీత దర్శకులకు మన దేశంలో ఐ.పి.ఆర్.ఎస్. అని ఒక సంఘం ఉంది. 1969 నాటిది. అందులో సభ్యులైతే మనిషి నంబరు వస్తుంది. పాటను నమోదు చేస్తే ఆ సంఘం ద్వారా పాట నంబరు వస్తుంది. నమోదు చేసేటప్పుడు రాసినవారు ఎవరు, బాణీ ఎవరిది, ఎవరి వాటా ఎంత అన్నీ చెప్పాలి. గాయకులకు వేరే సంఘం ఉంది. అది 2013లో మొదలైంది.

ఒకప్పుడు సినిమా కవులకు ఈ గొడవే లేదు. ఒక్కసారి డబ్బు పుచ్చుకుంటే పాట నిర్మాతదే. 1977లో సుప్రీంకోర్టు తీర్పు కూడా నిర్మాతల వైపే వచ్చింది. 2012లో చట్టం మార్చారు. జావేద్ అఖ్తర్ గారు రాజ్యసభలో దీనికోసం గట్టిగా నిలబడ్డారు. ఇప్పుడు సినిమా హాలు బయట పాట ఎక్కడ మోగినా, రేడియో అయినా, టీవీ అయినా, యాప్ అయినా, రాసినవారికి, బాణీ కట్టినవారికి వాటా రావాలి. ఆ వాటాను ముందే రాసిచ్చేయమని ఎవరైనా కాగితం చేయించుకున్నా అది చెల్లదు. చట్టం బాగుంది. కానీ వాటా చేరాలంటే చిరునామా కావాలి కదా. ఆ చిరునామా పాట నంబరు, మనిషి నంబరు.

చిరునామా లేకపోతే ఏమవుతుంది? అమెరికాలో ఏమైందో చూడండి. అక్కడ యాపుల్లో మోగిన పాటల తాలూకు రచన హక్కుల డబ్బు పంచడానికి కొత్త సంస్థ ఒకటి పెట్టారు. 2021 మొదట్లో యాపుల కంపెనీలు ఒక పెద్ద మొత్తం తెచ్చి ఆ సంస్థకు అప్పగించాయి. ఎంతో తెలుసా? 42 కోట్ల డాలర్ల పైమాటే. ఏమిటా డబ్బు? పాటలు మోగాయి, జనం విన్నారు, డబ్బు లెక్క తేలింది, ఎవరికివ్వాలో తేలలేదు. రికార్డు నంబరు ఉంది. దాని వెనక పాట ఏదో, రాసినవారెవరో కలవలేదు. ఏ పాట మీద హక్కు ఎవరిదో ప్రపంచమంతటికీ ఒకే పెద్ద పుస్తకంలో రాసి పెడదామని అంతకుముందు గట్టి ప్రయత్నమే జరిగింది. హక్కుల సంఘాల మధ్య పొత్తు కుదరక 2014లో ఆగిపోయింది. న్యూజెర్సీలో ఉన్న మన పిల్లలు కూడా తెలుగు పాటలు వింటూనే ఉంటారు. నంబరు లేని పాటకు అక్కడ పుట్టిన డాలరు ఇక్కడ రూపాయి కావడం కష్టం.

ఇంతవరకు రాసినవారు ఫలానా అని తెలిసిన పాటల గురించి చెప్పాను. రాసినవారెవరో తెలియని పాటల మాటేమిటి? నాకు నిజంగా పట్టింపు ఉన్నది ఇక్కడే.

2021లో లవ్ స్టోరీ సినిమాలో సారంగ దరియా పాట వచ్చింది. సినిమా కోసం సుద్దాల అశోక్ తేజ గారు రాశారు, మంగ్లీ పాడారు. ఊరూవాడా మోగింది. అప్పుడు జానపద గాయని కోమల ముందుకొచ్చి, ఈ పాటను వెలుగులోకి తెచ్చింది తానని అన్నారు. ఇది జనం పాట, ఒకరి సొత్తు కాదని కవిగారు అన్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. పాట జనానిదే. కానీ జనం నోట నానుతూ దానంతట అది మన దాకా రాలేదు. ఎవరో ఒక ముసలమ్మ గుర్తుపెట్టుకుంది, ఎవరో ఒక పిల్ల నేర్చుకుని ఎత్తుకొచ్చింది.

పాట నంబరు ఫారంలో ఇలాంటి పాటలకు ఒక వీలు ఉంది. రచన దగ్గర సంప్రదాయం అని రాస్తారు. కొత్తగా కూర్చినవారిని కూర్పరిగా చూపిస్తారు. పదాలు మార్చితే మార్చినవారిని చూపిస్తారు. ఇది సబబే. కానీ ఆ పాటను ఎవరి నోటి నుంచి తీసుకున్నారో రాసే గడి లేదు. ఊరి పేరు రాసే గడి లేదు.

మన జిల్లాలోనే జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్ ఉంది. అక్కడ సంఘం రేడియో ఉంది. 2008 అక్టోబరు 15న మొదలైంది, 90.4 ఎఫ్.ఎం. మీద. మన దేశంలో గ్రామీణ దళిత మహిళలు నడిపిన తొలి కమ్యూనిటీ రేడియో అది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అక్కడి గొంతులు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ నీడలో, లైసెన్సు రాకముందే, వాళ్ళు కార్యక్రమాలు పట్టి పెట్టేవారు. గాలిలోకి వదిలే అనుమతి లేదు కనుక ఆ టేపులను మహిళా సంఘాల మీటింగుల్లో వినిపించేవారు. విత్తనాల పాటలు, విసుర్రాయి పాటలు, నాట్ల పాటలు. ఆ పాటలు పాడిన అవ్వలకు మనిషి నంబరు లేదు. పాటలకు నంబరు అడిగినవారూ లేరు. రేపు ఎవరైనా ఒక టేపు విని, ఒక బీటు కలిపి, రికార్డు నంబరు వేయించుకుని యాపుల్లో పెడితే కంప్యూటర్‌కు తెలిసేది ఆ కొత్త మనిషి ఒక్కరే.

ఇదే జిల్లాలో, పటాన్‌చెరులో, పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. 1972లో పెట్టిన ఆ సంస్థలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలు లక్షకు పైగా రకాలు శీతల గదుల్లో దాచారు. ప్రతి రకానికీ ఒక నంబరుంది. ఆ నంబరు వెనక చీటీలో, తెలిసినంతవరకు, విత్తనం ఎక్కడ సేకరించారో కూడా రాసి ఉంటుంది. ఈ జిల్లా గింజకు ఊరి పేరు ఉండగా, అదే చేనులో కలుపు తీస్తూ పాడిన పాటకు ఊరి పేరు లేకపోవడం నాకు మింగుడు పడదు. ఫారంలో ఊరి పేరు రాసే గడి పెట్టాల్సింది పారిస్ దగ్గర ఉన్న, పాట నంబర్ల సంగతి చూసే ప్రపంచ సంఘం. వాళ్ళు పెట్టేదాకా కూర్చోనవసరం లేదు. ఫారంలో వివరాలు రాసుకునే చోటు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. వీడియో కింద రాసుకోవడానికి కావలసినంత చోటు ఉంటుంది. ఎవరి నోట విన్నారో ఆ అవ్వను అడిగి, ఆమె ఒప్పుకుంటే, ఆమె పేరు, ఊరు అక్కడ రాయండి. వీడియో చూసేవారికి పాటతో పాటు అది కూడా కనిపిస్తుంది.

చివరిగా, స్టూడియోకు వెళ్ళబోతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు. నంబర్లన్నీ తర్వాత వస్తాయి. నంబరు ఇచ్చేవాడు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఒకటే ఉంటుంది, ఎవరు ఏం చేశారు అని. పాట హిట్టయ్యాక ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోతే కీబోర్డు తమ్ముడికీ మీకూ మాటలు ఉండవు. పాట పట్టే రోజే, టీ తాగుతూ, ఒక తెల్లకాగితం తీయండి. పదాలు ఎవరివి, బాణీ ఎవరిది, సంగీతం ఎవరిది, పాడింది ఎవరు, స్టూడియో ఖర్చు ఎవరు పెట్టారు, రాసుకోండి. ఎవరి వాటా ఎంతో రాసుకోండి. పేర్లు ఇంగ్లీషులో ఏ అక్షరాలతో రాయాలో కూడా అక్కడే ఖాయం చేసుకోండి. అందరూ సంతకాలు పెట్టండి, తేదీ వేయండి. ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, అందరి ఫోన్‌లకూ పంపండి. తర్వాత రికార్డు నంబరు వచ్చినప్పుడు దాని అడుగునే రాయండి. పాట నంబరు వచ్చినప్పుడు దాని పక్కనే రాయండి.